మంచి నాయకుడొక్కడు వస్తే చాలునా? - బుర్కినా ఫాసో చెబుతున్న పాఠం

నాట్లు మొదలయ్యే ముందు ఒక రాత్రి మా సంఘం మీటింగు జరిగింది. కూలిరేట్ల మాట, ఇళ్ల స్థలాల మాట అయిపోయాక ఒక కూలీ అక్క లేచి అడిగింది: "ఎన్ని అర్జీలు పెట్టినా ఇంతేనాయె. పైన మంచోడు ఒక్కడు కూచుంటే మనకీ తిప్పలుండవు గదా! అట్లాంటోడు ఈ లోకంలో యాడా పుట్టలేదా?"

నలుగురూ నవ్వారు. కాని అది నవ్వి వూరుకోదగ్గ ప్రశ్న కాదు. కొత్తగా స్వాతంత్ర్యం వచ్చిన ప్రతి దేశంలోనూ పేదలు అడిగిన ప్రశ్న అదే. తెల్లదొర పోయాడు, మనవాడే గద్దె ఎక్కాడు, ఇక మంచి రోజులొస్తాయని ఆశపడ్డారు. కొన్నేళ్లకు ఆ మనవాడే దొరై కూచున్నాడు. అప్పుడు ఇంకొక మంచివాడి కోసం ఎదురుచూడడం మొదలుపెట్టారు.

"అట్లాంటివాడు పుట్టాడక్కా" అని ఆ రాత్రి మేము చెప్పాం. ఆఫ్రికాలో బుర్కినా ఫాసో అనే చిన్న దేశం వుంది. అక్కడ నాలుగేళ్లు పాలించాడు. పేరు థామస్ సంకారా. పేరు మన శంకరంలాగా వినబడుతుంది గాని అతను పశ్చిమ ఆఫ్రికా మనిషి. లంచం తినలేదు, ఆస్తి కూడబెట్టలేదు, పేదల పక్షం నిలిచాడు. చివరికి చంపేశారు. అతను చేసినదేమిటి, చెయ్యలేకపోయినదేమిటి, అతని తరువాత ఆ దేశ ప్రజలు ఏం నేర్చుకున్నారు - ఈ మూడూ కూలీ సోదరులు, అక్కచెల్లెళ్లు, కార్యకర్తలు తప్పక తెలుసుకోవాలి.

మనుషుల రెక్కలే ఎగుమతి

బుర్కినా ఫాసోకు సముద్రం లేదు. ఉత్తరాన ఎడారి అంచు. ఏడాదిలో నాలుగైదు నెలలే వానలు. జొన్న, సజ్జ తిండిగింజలు. పత్తి అమ్ముకునే పంట. మన మెట్ట ప్రాంతాల రైతుకు, కూలీకి ఆ బతుకు ఎట్లా వుంటుందో వేరే చెప్పనక్కరలేదు.

ఫ్రెంచివాళ్లు ఆ దేశాన్ని ఆక్రమించి అప్పర్ వోల్టా అని పేరు పెట్టారు. వోల్టా నదికి ఎగువన వున్న ప్రాంతం అని దానర్థం. అంతకుమించి ఆ జనానికి ఒక పేరు వుండాలని వాళ్లకు తోచలేదు. వాళ్లకు అక్కడ కావలసింది మనుషుల రెక్కలు. దక్షిణాన ఐవరీ కోస్టులో కోకో తోటలు, కాఫీ తోటలు వున్నాయి. ఆ తోటలకు కూలీలు కావాలి. తలకింత అని పన్ను వేశారు. వెట్టికి పట్టుకుపోయారు. పన్ను కట్టే డబ్బు కోసం కూడా కుర్రాళ్లు వూళ్లు విడిచి తోటలకు పోవలసి వచ్చింది. 1932లో ఫ్రెంచి ప్రభుత్వం ఏకంగా ఆ కాలనీనే రద్దు చేసింది! దేశాన్ని ముక్కలు చేసి పెద్ద ముక్కను ఐవరీ కోస్టులో కలిపేసింది. కూలీలను తరలించడానికి అదే తేలిక అనుకున్నారు. తిరిగి 1947లో గాని ఆ దేశం దేశంగా నిలబడలేదు. ఫ్రెంచి కాలనీల్లో వెట్టిచాకిరీ చట్టప్రకారం రద్దయింది 1946లో. 1954లో రాజధాని వాగడూగు దాకా రైలు వచ్చింది. రైలు వచ్చినా వలస ఆగలేదు, ఇంకా సులువయింది.

1960 ఆగస్టు 5న స్వాతంత్ర్యం వచ్చింది. మోరిస్ యామియోగో మొదటి అధ్యక్షుడయ్యాడు. ఒక్క పార్టీనే మిగిల్చాడు. ప్రజలకు తిండి లేని రోజుల్లో 1965లో ఘనంగా రెండో పెళ్లి చేసుకున్నాడు. ఖజానా ఖాళీ అయిందని చెప్పి ఉద్యోగుల జీతాలు నూటికి ఇరవై కోయబోయాడు. కార్మిక సంఘాలు వూరుకోలేదు. 1966 జనవరి 3న వాగడూగు వీధులన్నీ జనంతో నిండిపోయాయి. యామియోగో దిగిపోయాడు.

సంఘాల బలం ఏమిటో ఆనాడు ఆ దేశం చూసింది. కాని, దించిన తరువాత ఆ కుర్చీ ఎవరిది? ఆ ప్రశ్నకు జవాబు సిద్ధంగా లేదు. సైన్యమే వచ్చి ఏలాలని జనమే కేకలు వేశారు. సైన్యం వచ్చింది. ఒక సైనికాధికారి పద్నాలుగేళ్లకు పైగా పాలించాడు. 1980లో అతన్ని ఇంకొక అధికారి, 1982లో వాణ్ని మరికొందరు కూలదోశారు. ప్రతిసారీ రేడియోలో కొత్త గొంతు, కొత్త వాగ్దానం. పల్లెలో మాత్రం అదే పన్ను, అదే ఆకలి, అదే వలస.

ముప్పై మూడేళ్ల కెప్టెన్

థామస్ సంకారా 1949 డిసెంబరులో యాకో అనే వూళ్లో పుట్టాడు. సైన్యంలో కెప్టెన్. 1983 జనవరిలో ప్రధానమంత్రి అయ్యాడు. ఆ మార్చిలో మన ఢిల్లీలో జరిగిన అలీన దేశాల మహాసభకు వచ్చాడు. క్యూబా నాయకుడు ఫిడెల్ కాస్ట్రోను కలిసింది ఇక్కడే. తిరిగి వెళ్లిన రెండు నెలలకే, మే 17న, అతన్ని పట్టుకుని నిర్బంధించారు. విద్యార్థులు, పేద బస్తీల జనం వీధుల్లోకి వచ్చారు. ఆగస్టు 4 రాత్రి అతని స్నేహితుడు కెప్టెన్ బ్లేజ్ కొంపావొరే సైనిక దళంతో రాజధానికి నడిచి వచ్చాడు. సంకారా అధ్యక్షుడయ్యాడు. అప్పటికి అతని వయస్సు 33.

ఇక్కడొక మాట గుర్తు పెట్టుకోవాలి. అతనూ తుపాకీ దారినే వచ్చాడు. ప్రజలు ఓటు వేసి తెచ్చుకున్నవాడు కాదు. వచ్చాక ఏం చేశాడో చూద్దాం.

ముందు తన ఇంటి నుంచే మొదలుపెట్టాడు. మంత్రుల మెర్సిడెస్ కార్లు అమ్మించేశాడు. చిన్నపాటి రెనో కార్లలో తిరగమన్నాడు. తానూ అందులోనే తిరిగాడు. మంత్రుల జీతాలు తగ్గించాడు. విమానాల్లో మొదటి తరగతి ప్రయాణాలు మాన్పించాడు. తన ఆస్తి ఎంతో బహిరంగంగా చెప్పాడు. చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు గూడా.

తరువాత పల్లె. తలపన్ను రద్దు చేశాడు. వూరి పెత్తందార్లకు జనం కట్టే కానుకలు, వాళ్ల పొలాల్లో చేసే వెట్టి చెల్లవన్నాడు. వెట్టి అంటే ఏమిటో మన తాత ముత్తాతలు ఎరుగుదురు. తెలంగాణ పల్లెల్లో ఆ మాట వింటే ఇప్పటికీ ముసలివాళ్ల మొహం మారిపోతుంది. 1984 ఆగస్టులో భూమి మొత్తం జాతి సొత్తు అని చట్టం తెచ్చాడు. అదే ఆగస్టు 4న దేశానికి పేరు మార్చాడు. ఒక భాషలో బుర్కినా అంటే నిజాయితీ గల మనుషులు. ఇంకొక భాషలో ఫాసో అంటే తండ్రుల నేల. నదికి ఎగువ అన్న పేరు పోయి నీతిపరుల నేల అయింది.

1984 చివర పిల్లలకు టీకాలు వేసే పని పెట్టుకున్నారు. తట్టు, మెదడువాపు జ్వరం, పచ్చజ్వరం - ఈ మూడూ ఏటా పసిపిల్లలను పొట్టన పెట్టుకుంటున్నాయి. రెండు వారాల్లో దాదాపు 25 లక్షల మంది పిల్లలకు టీకాలు వేశారు. దేశ జనాభాయే అప్పటికి సుమారు 80 లక్షలు! వూరూరా కమిటీలు కదిలాయి గనుకనే అది జరిగింది.

ఎడారి ముందుకు రాకుండా కోటి మొక్కలు నాటామని ప్రభుత్వం లెక్క చెప్పింది. 1985లో ఒక ఏడాది పాటు ఇళ్ల అద్దెలు కట్టనక్కరలేదని ప్రకటించారు. అదే ఏడు వాగడూగు నుంచి కాయా పట్నం దాకా రైలు దారి పని మొదలయింది. అప్పు ఇచ్చేవాళ్లు లాభం లేదని మొహం తిప్పుకుంటే, జనం వచ్చి చేతులతో పట్టాలు పరిచారు.

ఆడవాళ్ల సంగతి వచ్చేసరికి అతను చాలామంది విప్లవకారుల కన్నా ముందు నడిచాడు. బలవంతపు పెళ్లిళ్లు, ఆడపిల్లలకు చేసే కోత ఆచారం కూడదన్నాడు. 1984 సెప్టెంబరు 22న మగవాళ్లే సంచులు పట్టుకుని బజారుకు పోవాలి, మగవాళ్లే వంట చెయ్యాలి అని పెట్టాడు. ధరలు ఎట్లా మండుతున్నాయో, ఇల్లు గడపడం అంటే ఏమిటో ఒక్కరోజైనా తెలిసిరావాలని. ఈ మాట చెప్పినప్పుడు మా మీటింగులో ఆడకూలీలు చప్పట్లు కొట్టారు. మగవాళ్లు తలలు గోక్కున్నారు.

పత్తి కథ

ఆ దేశం పత్తి పండిస్తుంది గాని బట్ట బయటి నుంచి కొంటుంది. ఇదేం న్యాయం అన్నాడు సంకారా. మన పత్తి, మన నూలు, మన మగ్గం అన్నాడు. ఫాసో దాన్ ఫాని అనే చేనేత బట్ట వాళ్ల ఆడవాళ్లు నేసేది. ప్రభుత్వ ఉద్యోగులు అది కట్టుకోవాలని నియమం పెట్టాడు. కొంతమంది ఆఫీసర్లు గొణుక్కున్నారట గాని, నేసే ఇంట్లో పొయ్యి వెలిగింది.

సంకారా పోయాక పత్తి మళ్లీ దూదిగానే ఓడలెక్కింది. 2008 నుంచి ఆ దేశంలో బీటీ పత్తి వేశారు. మన తెలుగు నేల మీదికి అది 2002లో వచ్చింది గనుక దాని సంగతి మన రైతుకు కొత్త కాదు. అక్కడ పురుగుమందు ఖర్చు తగ్గిందన్న రైతులున్నారు. కాని దూది పింజ పొట్టిదైపోయి, మార్కెట్లో ఆ దేశపు పత్తికి వున్న పేరు దెబ్బతింది. 2016 నాటికి పత్తి కంపెనీలు ఆ విత్తనం వదిలేశాయి. విత్తనం వచ్చేటప్పుడూ, పోయేటప్పుడూ చివరి మాట కంపెనీలదే అయింది, చేలో వంగి పనిచేసేవాడిది కాలేదు. మంచి ప్రభుత్వం వున్న నాలుగేళ్లలో రైతు చేతికి వచ్చిన బలం ఆ ప్రభుత్వం పోగానే పోయిందన్నమాట. ఎందుకు పోయింది?

ఎక్కడ తెగింది

ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే మనకు ఇష్టమైన నాయకుడి తప్పులు కూడా చెప్పుకోవాలి. మనవాడు గదా అని దాచిపెడితే అది పాఠం కాదు, భజన అవుతుంది.

1984 మార్చిలో బడిపంతుళ్ల సంఘం సమ్మె చేసింది. వాళ్ల నాయకులను నిర్బంధించినందుకు నిరసనగా చేసిన సమ్మె అది. దాని వెనక పాత పాలకుల చెయ్యి వుందని ప్రభుత్వం అన్నది. వుందే అనుకుందాం. అయినా ఏం చేశారు? వెయ్యి మందికి పైగా పంతుళ్లను ఒక్క దెబ్బకు వుద్యోగాల నుంచి తీసేశారు. వాళ్ల చోట నాలుగు రోజులు శిక్షణ ఇచ్చిన కుర్రాళ్లను పెట్టారు. చదువు దెబ్బతిన్నది పేదవాళ్ల పిల్లలకే.

రాజకీయ పార్టీలను వుండనివ్వలేదు. కార్మిక సంఘాలను పాత కాలపు వ్యవహారంగా చూశారు. వూరూరా విప్లవ రక్షణ కమిటీలు పెట్టారు. టీకాలు వేయించినవి, చెట్లు నాటించినవి ఆ కమిటీలే. కాని వాటిలో కొన్నిటి చేతికి తుపాకీ వచ్చింది, అడిగేవాడు లేడు. దాంతో కొన్నిచోట్ల కుర్రాళ్లు కొత్త పెత్తందార్లయ్యారు. సంకారా స్వయంగా వాళ్లను మందలించవలసి వచ్చింది. భూమి చట్టం రాతలో గొప్పది. పల్లెలో మాత్రం ఎవరికి ఏ చెలక అని చెప్పేవాడు చాలాచోట్ల పాత పెద్దమనిషే. రాజధానిలో రాసిన కాగితాన్ని పొలంలో అమలు జరిపించే పేదల సంఘం అక్కడ లేదు. 1987 మధ్య నాటికి ఒకప్పటి మిత్రులైన కార్మిక నాయకులే కొందరు జైలు పాలయ్యారు.

1987 జూలై 29న అడిస్ అబాబాలో ఆఫ్రికా దేశాధినేతల సభలో సంకారా అప్పుల గురించి మాట్లాడాడు. ఈ అప్పు మనం చేసింది కాదు, మన నెత్తిన పెట్టింది, మనమంతా ఒక్కటై కట్టబోమని చెప్పాలి అన్నాడు. బుర్కినా ఒక్కటే ఈ మాట అంటే వచ్చే సభకు నేను వుండను అని కూడా అన్నాడు. సభలో చప్పట్లు మోగాయి. కలిసి వచ్చిన దేశం లేదు.

రెండున్నర నెలలు తిరిగాయి. అక్టోబరు 15 సాయంత్రం మీటింగులో వున్న సంకారాను, మరి పన్నెండు మందిని సైనికులు కాల్చి చంపారు. గద్దెనెక్కింది ఎవరనుకున్నారు? నాలుగేళ్ల కింద అతన్ని గద్దెనెక్కించిన స్నేహితుడు బ్లేజ్ కొంపావొరే! రాత్రికి రాత్రి శవాలను పూడ్చిపెట్టారు. మరణ ధృవీకరణ పత్రంలో సహజ మరణం అని రాశారు. ముప్పై ఏడేళ్ల మనిషికి, తూటాలు తిన్న మనిషికి, సహజ మరణం!

జనం సమాధి దగ్గరికి వెళ్లి పువ్వులు పెట్టారు. ఏడ్చారు. ఒక పట్టణంలో ఒక సైనికదళం కొద్ది రోజులు ఎదిరించి ఓడిపోయింది. అంతకుమించి దేశం కదలలేదు. టీకా వేయించుకున్న పిల్లల తల్లులు ఏమయ్యారు? వెట్టి తప్పిన రైతులు ఏమయ్యారు? వాళ్లకు దుఃఖం లేక కాదు. ఆ దుఃఖాన్ని ఎక్కడికి తీసుకుపోవాలో వాళ్లకు తెలియదు. పిలుపు ఇచ్చే పార్టీ లేదు, సమ్మె చేసే సంఘం చెల్లాచెదురై వుంది. పైనుంచి వచ్చిన మేలు పైనుంచే పోయింది. మంచివాడు మనకోసం పనిచేస్తాడు నిజమే, కాని మన చేతికి బలం ఇవ్వకుండా పనిచేస్తే, అతను పోయిన రోజున మనం ఏడవడం తప్ప ఏమీ చెయ్యలేం.

గరిటెలు పట్టుకున్న ఆడవాళ్లు

కొంపావొరే 27 ఏళ్లు పాలించాడు. 1991లో ఐఎంఎఫ్ షరతులకు తల ఒగ్గాడు. కాని ఆ 27 ఏళ్లలో జనం నిద్రపోలేదు. 1998 డిసెంబరులో నోర్బర్ జోంగో అనే పత్రికా సంపాదకుణ్ణి చంపి కారులో తగలబెట్టారు. అధ్యక్షుడి తమ్ముడి మీద వచ్చిన ఆరోపణలను అతను శోధిస్తున్నాడు. అప్పుడు కార్మిక సంఘాలు, విద్యార్థులు, హక్కుల సంఘాలు, పార్టీలు ఒక్క వేదిక మీదికి వచ్చాయి. ఏళ్ల తరబడి ఆ పోరాటం సాగింది.

2014లో కొంపావొరే మళ్లీ పోటీ చెయ్యడానికి రాజ్యాంగం మార్చబోయాడు. అక్టోబరు 27న వాగడూగులో ఆడవాళ్లు గరిటెలు, తెడ్లు ఎత్తి పట్టుకుని వూరేగారు. మరునాడు లక్షల జనం. 30న పార్లమెంటు భవనం తగలబడింది. 31న కొంపావొరే ఐవరీ కోస్టుకు పారిపోయాడు. ముందు నిలబడ్డ కుర్రాళ్లలో చాలామంది సంకారా చనిపోయాక పుట్టినవాళ్లు. ఒక యువజన సంస్థ తన పేరే పౌరుల చీపురు అని పెట్టుకుంది. చొక్కాల మీద సంకారా బొమ్మ.

అసలు పరీక్ష 2015 సెప్టెంబరులో వచ్చింది. కొంపావొరే పాత అంగరక్షక దళం తాత్కాలిక అధ్యక్షుణ్ణి, ప్రధానిని బంధించి గద్దె లాక్కుంది. దాని నాయకుడు జనరల్ జిల్బర్ దియాండెరె. 1987లో కొంపావొరే పక్కన నిలిచిన మనిషే! మళ్లీ అదే కథ జరుగుతుందని దొరలు అనుకున్నారు. జరగలేదు. కార్మిక సంఘాలు సమ్మె ప్రకటించాయి. బస్తీల కుర్రాళ్లు టైర్లు, రాళ్లు అడ్డం పెట్టి దారులు మూసేశారు. పదిమందికి పైగా చనిపోయారు. ఇతర పట్టణాల సైనికులు జనం పక్షం చేరి రాజధానికి వచ్చారు. వారం తిరక్కుండానే కుట్ర కుప్పకూలింది.

1987లోనూ తుపాకులే, 2015లోనూ తుపాకులే. 1987లో ప్రజలకు గొప్ప నాయకుడున్నాడు, సంఘం లేదు. 2015లో చెప్పుకోదగ్గ నాయకుడు లేడు, సంఘాలున్నాయి. ఏ ఏడు కుట్ర గెలిచింది, ఏ ఏడు ఓడింది? ఈ ఒక్క పోలికను మన కార్యకర్తలు ప్రతి వూళ్లోనూ చెప్పాలి.

2022 ఏప్రిల్ 6న సైనిక కోర్టు సంకారా హత్య కేసులో కొంపావొరేకూ, దియాండెరెకూ యావజ్జీవ శిక్ష వేసింది. కొంపావొరే దేశంలో లేడు. తీర్పు రావడానికి 34 ఏళ్లు పట్టింది. అయినా వచ్చింది. సంకారా భార్య, కుటుంబం, వాళ్ల న్యాయవాదులు, జనం వదిలిపెట్టలేదు గనుక వచ్చింది.

గుంతలు తవ్విన రైతు

ఆ దేశంలో నాయకత్వం అంటే గద్దె మీది మనిషే అనుకుంటే పొరపాటు. ఉత్తరాన యతెంగా ప్రాంతంలో యాకూబా సావడోగో అనే రైతు వుండేవాడు. 1980 ప్రాంతంలో కరువుకు నేల రాయిలా గట్టిపడి, జనం వూళ్లు వదిలిపోతుంటే, అతను పోలేదు. ఎండాకాలంలోనే గట్టి నేలలో గుంతలు తవ్వి, ఎరువు వేసి, వాన పడగానే జొన్న, సజ్జ గింజలు వేశాడు. అది వాళ్ల పెద్దల పాత పద్ధతే. జాయీ అంటారు. అతను గుంతలు పెద్దవి చేశాడు, ఎరువు కలిపాడు. మొదట్లో పిచ్చివాడన్నారు. పంట చూశాక నేర్పమని వచ్చారు. వచ్చినవాళ్లకు దాచుకోకుండా నేర్పాడు. గుంతల్లో మొలిచిన చెట్లు పెరిగి అడవి అయింది. 2023 చివర అతను చనిపోయాడు. గుంతలు తవ్వడం ఆగలేదు. తాను లేకపోయినా సాగే పనిని నలుగురికీ అప్పజెప్పినవాడు గనుక అతన్నీ మేము నాయకుడనే అంటాం.

మళ్లీ ఒక కెప్టెన్

2015 చివర ఎన్నికలు జరిగాయి. గెలిచిన కబొరే ఒకప్పుడు కొంపావొరే కింద ప్రధానిగా చేసినవాడే. వీధుల్లో పోరాడినవాళ్లు ఒకరు, కుర్చీ ఎక్కినవాళ్లు ఇంకొకరు. మతం పేరు చెప్పుకునే సాయుధ ముఠాల దాడులు 2016 నుంచి పెరుగుతూ పోయాయి. వూళ్లకు వూళ్లే ఖాళీ అయ్యాయి. 2023 నాటికి ఇల్లూ వాకిలీ వదిలి చెట్టుకొకరు పుట్టకొకరు అయినవాళ్లు 20 లక్షలు దాటారు. అందులో అత్యధికులు రైతులు, పశువుల కాపరులు. పంట వేసే చేలు బీళ్లయ్యాయి.

2022 జనవరిలో సైన్యం కబొరేను దించింది. సెప్టెంబరు 30న ఇంకొక కెప్టెన్ మొదటివాణ్ని దించాడు. పేరు ఇబ్రహీం ట్రావొరే. అప్పటికి వయస్సు 34. సంకారా వారసుణ్ణి అన్నట్టుగానే నడుచుకుంటున్నాడు. ఫ్రెంచి సైన్యాన్ని 2023లో పంపించేశాడు. కొన్ని బంగారు గనులను ప్రభుత్వం చేతిలోకి తీసుకున్నాడు. 2025 మేలో సంకారా స్మారక మందిరాన్ని ప్రారంభించారు. ఆఫ్రికా అంతటా కుర్రాళ్లు అతన్ని చూసి ఆశపడ్డారు. ఆ ఆశను మేము ఎగతాళి చెయ్యం. శతాబ్దం పాటు దోచుకున్నవాడు గడప దాటి పోతే ఏ పేదవాడికి సంతోషం వుండదు?

కాని 1984 నాటి పంతుళ్లను మరిచిపోతే ఎట్లా? సైనిక పాలనను 2024 మేలో మరో అయిదేళ్లు పొడిగించుకున్నారు. ప్రభుత్వాన్ని విమర్శించినవాళ్లను, అందులో సంఘాల వాళ్లను కూడా, బలవంతంగా యుద్ధరంగానికి పంపారని మానవ హక్కుల సంఘాలు చెప్పాయి. కొన్ని రేడియోల నోళ్లు మూయించారు. 2015లో తుపాకీకి అడ్డం నిలిచిన సంఘాల నోరే మూస్తే, రేపు ఇంకొక దియాండెరె వచ్చినప్పుడు ఈ కెప్టెన్‌ను కాపాడేదెవరు? జనాన్ని కాపాడేదెవరు?

అక్క అడిగిన మరో ప్రశ్న

ఇదంతా విన్నాక మీటింగులో కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. ఒక ముసలి పాలేరు, "అయితే మంచోడు రావద్దంటారా?" అని అడిగాడు. రావాలి. మంచివాడికీ చెడ్డవాడికీ తేడా లేదని చెప్పేవాడు చెడ్డవాడి మనిషే. 25 లక్షల మంది పిల్లలకు టీకా వేయించడం, వేయించకపోవడం ఒకటి కాదు. అందుకే ఎవరు వచ్చినా, ఎర్రజెండా పట్టుకుని వచ్చినా సరే, కొన్ని ప్రశ్నలు వెయ్యాలి. నీ ఆస్తి ఎంత? నిన్ను లెక్క అడిగే హక్కు మాకుందా? మా సంఘం నీతో విభేదిస్తే బతకనిస్తావా? నువ్వు లేని నాడు ఈ పని నడిపేవాళ్లను తయారు చేస్తున్నావా? సంకారా మొదటి ప్రశ్నకు ప్రపంచంలో ఎవరూ ఇవ్వలేనంత మంచి జవాబు ఇచ్చాడు. మిగిలిన వాటికి ఇవ్వలేకపోయాడు. దానికి అతను ప్రాణంతో మూల్యం చెల్లించాడు, అతని జనం 27 ఏళ్లతో చెల్లించారు.

ఇది ఆఫ్రికా సంగతే అనుకోవద్దు. మేము ఇరవై ఏళ్లకు పైగా కూలీ సంఘంలో తిరుగుతున్నాం. ఒక్క మనిషి మీద నిలిచిన శాఖలను చూశాం. ఆ మనిషి మంచాన పడితే ఆర్నెల్లలో జెండా దిమ్మె చుట్టూ గడ్డి మొలిచిన వూళ్లు వున్నాయి. అన్నీ అన్నే చూసుకుంటాడులే అని మనం అనుకోవడం, వాళ్లకేం తెలుసు మనమే చేసేద్దాం అని అన్న అనుకోవడం - రెండూ కలిసే సంఘాన్ని చంపుతాయి.

మీటింగు ముగియబోతుంటే, మొదట ప్రశ్న అడిగిన అక్కే మళ్లీ లేచింది. "అంతా బానే చెప్పారు. మరి మన సంఘం సభ్యత్వం డబ్బుల లెక్క నిరుడు చదవలేదే? ఎప్పుడు చదువుతారు?" అంది.

ఈసారి నవ్వింది మేము కాదు. చదవని మాట నిజం. పని వత్తిడి అని సాకు చెప్పబోయి వూరుకున్నాం. ఆ వారంలోనే మళ్లీ మీటింగు వేసి, రసీదు పుస్తకాలు ముందు పెట్టి, పైసలతో సహా లెక్క చదివి వినిపించాం. లెక్కలు చూడడానికి ముగ్గురు కూలీలతో ఒక కమిటీ వేశారు. అందులో ఆ అక్క కూడా వుంది. ఏ వూరి శాఖలో ఏడాది లెక్క ఇంకా చదవలేదో, ఆ వూరి కార్యకర్తలు ఈ నెల దాటకుండా చదవాలని మా విన్నపం. చదవకపోతే, చదవమని కూలీలే అడగాలి.